అగ్రిమెంటు నాలుగవ షరతునకు టీక

మూలము: “సదరు గృహముపై గల బ్యాంకు తనఖా విడుదల అయిన పిమ్మట, అసలు దస్తావేజులు చేతికందిన ముప్పది దినములలో, మిగత సొమ్ము పుచ్చుకొని మీ పేర విక్రయ దస్తావేజు రిజిష్టరు చేయించి ఇచ్చువాడను.”

అవతారిక: గుంటూరు బ్రాడీపేటలోని మేడ నమ్మదలచిన యొక గృహస్థుడు సంచకారము పుచ్చుకొని కొనువానికి వ్రాసియిచ్చిన వాక్యమిది. పైకి ద్రాక్షాపాకమువలె దోచును గాని, కొఱికిన పిమ్మట నారికేళమని తెలియును.

ప్రతిపదార్థము: తనఖా = హక్కుపత్రములను బ్యాంకువారి యినుపపెట్టెలో నుంచుటచే నేర్పడిన బంధము; విడుదల = మోక్షము; పిమ్మట = ఎప్పుడో; మిగత సొమ్ము = కొనువానివద్ద లేనిదియు, వేఱొక బ్యాంకు ఇయ్యవలసినదియు నగు ధనము.

పూర్వపక్షము: అప్పు తీఱక దస్తావేజులు రావు, కొనువాని సొమ్ము లేక అప్పు తీఱదు, దస్తావేజులు చేతికి రాక కొనువాని బ్యాంకు సొమ్మీయదు. తార్కికులు దీనిని చక్రక దోషమందురు, మేనేజరుగారు ప్రొసీజరందురు.

సిద్ధాంతము: కొనువాని బ్యాంకు అమ్మువాని బ్యాంకు పేరనే డీడీ తీసి, పత్రములను తానే నేరుగా పుచ్చుకొనవచ్చును. అందులకు ముందుగా బాకీ యెంతయో తెలుపు పత్రము కావలెను; వడ్డీ నానాటికి పెరుగునది గనుక ఆ పత్రమునకొక గడువుండును; రెండవ బ్యాంకు వకీలు అభిప్రాయము వచ్చునప్పటికి ఆ గడువు దాటియుండును. అప్పు పూర్తిగా దీఱిన 30 దినములలో పత్రము లీయవలెననియు, జాప్యము తమదైనచో దినమునకు 5,000 రూపాయలు చెల్లింపవలెననియు రిజర్వు బ్యాంకు 2023 డిసెంబరు 1 నుండి విధించిన నియమము దివ్యమైనదే గాని, తీఱని యప్పునకు వర్తింపదు. తనఖా పత్రము రిజిష్టరయి యున్నచో, విడుదల పత్రమును సైతము రిజిష్టరు చేయించు వఱకు ఈసీలో బాకీ జీవించియే యుండును.

విశేషము: ఈ మేడ తాతగారి నాటి ఉమ్మడి యాస్తి యని లింకు దస్తావేజులలో నున్నది. మొదటి బ్యాంకు వకీలు ఆ పత్రములనే చదివి నిర్దోషమని వ్రాసెను. రెండవవాడు ఆడపడుచు సంతకమేదీ యని యడిగెను. వ్యాఖ్యాతృభేదముచే అర్థభేదము కలుగుట మన శాస్త్రములకు క్రొత్త గాదు. ఆంధ్రప్రదేశమున 1986 నాటి సవరణ చట్టము అవివాహితలగు కూతుళ్ళకు ఉమ్మడి యాస్తిలో కొడుకులతో సమాన భాగమిచ్చెను. 2005 నాటి కేంద్ర సవరణ ఆ పెండ్లి భేదమును గూడ తొలగించెను. కావున రెండవవాడే సూక్ష్మదర్శి యని మా మతము. ఆడపడుచు మెల్బోర్నులో నున్నది. ఆమె యచట వ్రాసియిచ్చు జీపీఏ ఈ దేశమునకు వచ్చిన మూడు నెలలలో స్టాంపు వేయించవలెను. ఆమె యింకను సోదరునితో మాటలాడవలెను.

తాత్పర్యము: ఇల్లు కలదు, అమ్మువాడు కలడు, కొనువాడు కలడు, విక్రయము లేదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 54వ సెక్షను ననుసరించి ఒప్పందమాత్రమున ఇంటిపై ఏ హక్కును రాదు గనుక, సంచకారమిచ్చినవాడు అద్దెయింటనే యున్నాడు.

పాఠాంతరము: అమ్మువాని ప్రతిలో “మిగత సొమ్ము పుచ్చుకొని” యనునది “తనఖా విడుదల” కంటె ముందు కలము సిరాతో వ్రాయబడియున్నది. అంచున పొడి సంతకములు లేనందున అది ప్రక్షిప్తమని కొనువాని వకీలు వాదించును. అదియే కవిహృదయమని అమ్మువాని వకీలు.