గట్టు మీది మేస్త్రీ

జాగాలోకి జేసీబీ దిగిందంటే ఆయనా దిగినట్టే. ఎవరూ కబురు పెట్టరు. ఇంజను చప్పుడు చెవిన పడగానే నోట్లో వేపపుల్ల, భుజాన తువ్వాల, చేతులు వెనక్కి కట్టుకుని గట్టు మీద ప్రత్యక్షమవుతాడు. భువనగిరి చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా ఇలాంటివాడు ఒకడుంటాడు. ఇల్లు కట్టుకునేవాడికి ఇసుక దొరక్కపోవచ్చు, ఈయన మాత్రం దొరుకుతాడు.

"గంటకెంత మాట్లాడినవ్ తమ్మీ?" అన్నది మొదటి ప్రశ్న. ఎంత చెప్పినా నిట్టూరుస్తాడు. "నాకొక్కమాట చెప్తే రెండొందలు తక్కువకు తెప్పిద్దును గద." ఆ తర్వాత బండికి అడ్డంగా నిలబడి, తవ్వాల్సింది ఎటునుంచో వివరిస్తూ ఆ రెండొందలకు నాలుగింతలు మీటరు తిప్పిస్తాడు.

చింతమొద్దు సంగతే చూడండి. చెట్టు కొట్టేనాడే వచ్చి, "కట్టె దండుగైతది, నేలకు అంటగొయ్యిండ్రి" అని దగ్గరుండి కోయించాడు. పీకాల్సిన మొద్దును తెలిసినవాళ్లు ఛాతీ ఎత్తున వదిలేస్తారు. బకెటుతో పైన నెడితే ఆ కాండమే మీటలా పనిచేసి వేళ్లను లేపుతుంది. పట్టు లేకుండా చేశాక ఇక చుట్టూ గుంట తీసి, పక్కవేళ్లు ఒక్కొక్కటే తెంపుకోవాలి. ఎర్రమట్టి అంటిన వేరు బకెటు పళ్లకు చిక్కి, సాగి సాగి ఫట్‌మని తెగినప్పుడల్లా గట్టు మీంచి, "నేను చెప్పలే? చింతేరంటే ఉడుంపట్టు!" అని వినిపిస్తుంది. మధ్యాహ్నానికి విసుగొచ్చి, "పీకుడెందుకు, మన్ను కప్పితే అయిపాయె" అన్నాడు. ఆ మాట వింటే కొంప మునిగినట్టే. మొద్దు లోపల కుళ్లి, చెదలు పట్టి, పైన కట్టిన బేస్‌మెంటు కుంగుతుంది. అదృష్టం, డ్రైవరు బీహారు కుర్రాడు, తెలుగు రాదు. మన పల్లెల్లో ఇళ్లు నిలబడి ఉండటానికి ఇదే కారణమని నా అనుమానం.

అసలు ప్రతిభ గుండు దగ్గర బయటపడింది. ఈశాన్యం మూల, ఈనబోయే బర్రెలా పడుకుని ఉందది. "ఈశాన్యంల బరువా! ఇల్లు గుల్లైతది. నైరుతికి దొబ్బు!" మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉన్న గ్రానైటే 2,700 కిలోల దాకా తూగుతుంది. ఈ గుండు అలాంటివి నాలుగు పెట్టు. అంటే బండి కంటే బరువు. బకెటు కింద పెట్టి లేపితే గుండు కదలకపోగా బండి వెనక చక్రాలు గాల్లోకి లేచాయి. గట్టు మీద పిల్లలు చప్పట్లు కొట్టారు. "డ్రైవర్ కచ్చా హై! ఉధర్‌సే దబావ్!" అని మేస్త్రీ హిందీలోకి దిగాడు. ఇంజను హోరులో అది 'అచ్ఛా'గా వినబడి, కుర్రాడు తనను మెచ్చుకున్నాడనుకుని సలాం పెట్టాడు.

చివరికి ఇంటాయన వడ్డెర్లను పిలిపించాడు. ముసలాయన గుండు చుట్టూ ఒకసారి తిరిగి, అరచేత్తో తడిమి, బొగ్గుతో గీత గీశాడు. గీత వెంట జానెడుకొక బెజ్జం, బెజ్జానికొక ఇనుప చీల. సమ్మెట దెబ్బ ఒక్కోదాని మీద ఒక్కటే, వరస అయ్యాక మళ్లీ మొదటినుంచి. పోనుపోను గణగణమనే మోత బొంగురుపోయింది. ముసలాయన సమ్మెట పక్కన పడేసి బీడీ ముట్టించాడు.

"గదేంది, ఆపినవ్? ఇంకో నాలుగెయ్యి!"

ముసలాయన పొగ వదిలాడే తప్ప పలకలేదు. బీడీ సగం కాలేలోగా గుండు తనంతట తానే గీత వెంట నిలువునా విచ్చుకుంది. గట్టు మీద వేపపుల్ల ఒక్క క్షణం ఆగింది.

"చూసినవా? నేనన్న కాడనే పలిగింది."

నువ్వేమీ అనలేదు కదా మామా అని ఇంటాయన అనబోయేలోగా, ముక్కలను పునాదిలో ఏ వరసలో పేర్చాలో చెప్పడం మొదలైపోయింది. ఇన్ని చెప్పినా ఆయన కూలి అడగడు, అది ఒప్పుకోవాలి. టీ మాత్రం పనివాళ్ల కంటే ముందు ఆయనకే అందాలి. ఆ టీ తాగుతుండగానే, వాగు అవతల చేనులో బోరు బండి వచ్చిందని ఎవరో అన్నారు. గ్లాసు గోడ మీద పెట్టి, తువ్వాల దులుపుకుని, "ఆడ నీళ్లు పడయ్‌ రా!" అని ఇక్కడినుంచే కేకేస్తూ బయల్దేరాడు.