ఊదారంగు పంచాంగము

పంచాంగము ఏ యేటికాయేడే చెల్లునని, ఉగాదినాడు వేపపువ్వు పచ్చడి నాలుకకు తగిలిన ప్రతివాడును ఎరుగును. బెంగుళూరు తూర్పుకొసనున్న మా హూడిలో మాత్రము, 2007లో ఆమోదము పొంది, పేరులోనే 2015ను గడువుగా మోయుచున్న అభివృద్ధి ప్రాధికారమువారి బృహత్ప్రణాళిక, ఆ గడువు దాటి ఇన్నేండ్లు గడచినను, చూరున వ్రేలాడుచునే ముహూర్తములు పెట్టుచున్నది. 2031 పేరిట దీనికొక వారసుడు 2017లో ముసాయిదా రూపమున పుట్టినాడు గాని, ప్రభుత్వమువారే ఆ శిశువును వెనుకకు తీసికొనిరి. కావున తాతగారికి ఉద్యోగవిరమణ లేకపోయినది.

ఈ పంచాంగమున తిథివారనక్షత్రములకు మారు రంగులుండును: ఇండ్లకు పసుపు, అంగళ్లకు నీలము, తోటలకు ఆకుపచ్చ, పరిశ్రమలకు ఊదా. రాగిచేల మీదను చెరువుగట్ల మీదను కుంచె నడపినంతనే, పసుపు పడినచోట గృహప్రవేశములును, ఊదా పడినచోట లేతుమిషన్ల చప్పుడును వాటంతట నవియే జరుగునని ప్రణాళికాకర్తల విశ్వాసము. జాతకమున రాజయోగమున్నదని విని కొలువు వెదకుకొనని కుర్రవానివలె ఆ నేల కొంతకాలము ఊరక కూర్చుండును; తుదకు బిల్డరు వచ్చి, 1961 నాటి పట్టణ గ్రామీణ ప్రణాళికా చట్టములోని 14-ఎ సెక్షనను శాంతిహోమము జరిపించి, రుసుము చెల్లించి, ఊదాను పసుపుగా మార్పించుకొని మేడ లేపును. పరిహారమునకు దక్షిణ ఇంతయని వ్రాసి పెట్టినచోట దోషమునకు వెరచువాడెవ్వడు?

ఇక "తేలికపాటి పరిశ్రమ" అను మాట యొకటి కలదు. దేనిని తూచి తేలికయనిరో చూడబోగా, అదియు రంగులలోనే తేలినది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివారు 2016లో పరిశ్రమలకు మార్కులు వేసి, 60 మొదలు పైవానికి ఎరుపును, 20 దాటనివానికి తెలుపును ప్రసాదించిరి. సుద్దముక్కలు చేయుట, కాగితములకు గ్రుచ్చు పిన్నులు చేయుట, తేయాకు కలిపి పొట్లములు కట్టుట, ఇవి తెల్లనివి. పొగగొట్టమునుండి, మురుగుకాలువనుండి బయటికి వచ్చుదానిని వారు తూచిరి, బాగున్నది. గేటుగుండ లోపలికి పోవుదానిని తూచు త్రాసు మాత్రము ఏ కార్యాలయమునను లేదు. మన పి.వి. నరసింహారావుగారు ప్రధానిగానుండగా, 1994లో సింగపూరు సంస్థలును టాటాలును కర్ణాటక పారిశ్రామిక ప్రాంతాభివృద్ధి మండలియు పొత్తు కుదుర్చుకొని మాకు సమీపముననే టెక్ పార్కునకు పూనుకొనినది మొదలు, పొగగొట్టమే లేని పరిశ్రమ ఈ దిక్కంతయు నిండినది. దీనికంటె తేలికయైనది భూమండలమున నున్నదా? ఒక కంప్యూటరు, ఒక కుర్చీ, చల్లని గాలి! ఆ కుర్చీని అలంకరింపబోవు మహాశయుడు మాత్రము ఒంటరిగా కారెక్కి, గరుడాచారిపాళ్యమునుండి హూడి వరకు నత్తనడకన వచ్చుచు, పోయిన పొగగొట్టము ఎచ్చటికి పోయినదో వెనుక వచ్చువారి ముక్కులకు నివేదించుచుండును. సుద్దముక్కల షెడ్డునకు వచ్చు పదిమందియు నడచియో సైకిలుమీదనో వత్తురు. వారిది పరిశ్రమ, ఇతనిది ప్రగతి. (ఆ ప్రక్కనే ఎగుమతుల ప్రోత్సాహక పారిశ్రామిక పార్కులో 2001లో తెరచిన పుట్టపర్తి బాబాగారి ఆసుపత్రిలో రోగికి బిల్లే ఇయ్యరు. అది ఏ ఎగుమతి క్రిందికి వచ్చునో నన్నడుగవలదు. ఆ పార్కులో నాకు నచ్చినది అదియొక్కటే.)

అమెరికాలో యూక్లిడ్ అను గ్రామము ఇట్లే ఇండ్లకును కర్మాగారములకును హద్దులు గీయగా, 1926లో ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము దానిని సమర్థించుచు, తప్పు పందిది కాదు, దొడ్డిలోనుండవలసినది నట్టింటికి వచ్చుటయే తప్పు అను తాత్పర్యమున తీర్పు చెప్పెను. హూడిలో వరుస తలక్రిందైనది: ఇచ్చట దొడ్డి దొడ్డిగానే యుండెను, నట్టిల్లే దానిచుట్టును లేచి ముక్కు మూసికొన్నది. గ్రాఫైటు కర్మాగారము సంగతి చూడుడు. చుట్టును కాపురములు వెలసిన పిమ్మట, కిటికీలలో నల్లని ధూళి పేరుకొనుచున్నదని నివాసులు ఏండ్లతరబడి మొరపెట్టగా, తుదకది మూతపడినది. ఆ మొర అన్యాయమని నేననజాలను. ఊపిరితిత్తులకు సర్వే నంబర్లు తెలియవు. కాని ఆ ప్రహరి ప్రక్కనే కాపురములకు చోటిచ్చిన కుంచెను ఎవ్వరేమనిరి? నేడచ్చట గ్రాఫైటు లేదు, "గ్రాఫైట్ ఇండియా సిగ్నల్" కలదు.

మొన్న మా అపార్టుమెంటు నీటిమోటారు షాఫ్టు అరిగి, దానిని లేతుపై పట్టించవలసివచ్చినది. పటమున ఊదాగానున్న వీధిలో రెండుమార్లు తిరిగి, ఒక పిజ్జా దుకాణమును, ఒక యోగా కేంద్రమును, మూడు పీ.జీ. హాస్టళ్లను దర్శించి మరలివచ్చితిని. కోలారు సీమ తెలుగువాడైన మా వాచ్‌మన్ నన్ను చూచి జాలిపడి, "లేతుషాపు ఎప్పుడో ఎత్తేసినారు సార్, షెడ్డు బిల్డరుకిచ్చేసిరి. ఇంక హొసకోటకే పోవల్ల" అనెను. షాఫ్టును గోనెసంచిలో చుట్టించి, 2023 మార్చి మొదలు హూడి మీదుగా తిరుగుచున్న మెట్రోలో వైట్‌ఫీల్డు కొస వరకు పోయి, అచ్చటినుండి ఆటో మాటాడుకొంటిని. ఆ మార్గమును కన్నడిగులు నేరేడుపండు పేరిట నేరళె మార్గమందురు. బోగీలో తలపైనున్న పటమున దాని గీతను చూచితిని; ఊదాయే.