లుంగీ ముడి దాకా

మాది భీమవరం దగ్గర పల్లె. పదకొండేళ్లుగా ఇంగ్లండులో, రెడింగ్‌లో ఉంటున్నాం. ఇల్లు కొన్న తొలి వేసవిలోనే నాకో చిక్కు వచ్చిపడింది. ఆదివారం పొద్దున్నే లుంగీ, బనియన్‌తో పెరట్లో పళ్లు తోముకుంటూ తిరుగుతుంటే, పక్కింటి పెద్దాయన "గుడ్ మార్నింగ్" అనేవాడు. నోటి నిండా నురగ పెట్టుకుని ఏమని బదులివ్వను? మధ్యలో ఉన్నది మోకాలెత్తు తీగ కంచె. చాటు కావాలనిపించింది.

చెక్క ఫెన్సు వేయిస్తే ఒక్క శనివారంతో పోయేది. మా ఆవిడ అదే చెప్పింది. కానీ అంతకు నెల ముందే సైరెన్‌సెస్టర్ అనే ఊరు వెళ్లి, అక్కడ యూ అనే చెట్లతో పెంచిన పచ్చటి కంచె (హెడ్జ్) చూసొచ్చాను. 1720 ప్రాంతంలో నాటారట, ఎత్తు దాదాపు 40 అడుగులు. దాని కింద ఫొటో దిగొచ్చినవాడికి చెక్క ఫెన్సు కంటికి ఆనుతుందా? 40 అడుగులన్నది బుర్రకెక్కింది గానీ 300 ఏళ్లన్నది ఎక్కలేదు.

నవంబరులో, మట్టి లేకుండా ఉత్త వేళ్లతో వచ్చే రెండడుగుల యూ మొక్కలు 24 తెప్పించి, మీటరుకు రెండు చొప్పున నాటాను. ఆ చెట్టు పేరు మీద వేయగలిగిన జోకులన్నీ మా పిల్లలు మొదటి వారంలోనే వేసేశారు, ఇక్కడ మళ్లీ వేయను.

తర్వాత నీళ్లు. డెల్టాలో పుట్టినవాడికి మొక్క దిగాలుగా కనిపిస్తే తెలిసిన వైద్యం ఒకటే. రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే పైపు వదిలేవాణ్ని. బంకమన్ను కదా, నీళ్లు అచ్చం మా చేలోలాగే నిలిచేవి. చూస్తే ప్రాణం లేచొచ్చేది. జూన్‌కల్లా ఆకులు తుప్పు రంగుకి తిరిగాయి. ఎండదెబ్బనుకుని ఇంకాస్త పెట్టాను. యూ నీడకి ఓర్చుకుంటుంది, సున్నపు నేలకి ఓర్చుకుంటుంది, వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే మాత్రం ఓర్చుకోదు. ఒక మొక్కని లాగితే చేతిలోకి వచ్చేసింది. వేరుని వేలితో అంటగానే పైతోలు ఉడికిన ములక్కాడ తొక్కలా జారిపోయి, లోపల దారంలాంటి పుల్ల మిగిలింది. ఫోన్‌లో నాన్న అంతా విని, "ఒరేయ్, నువ్వు చెట్లు నాటావా, ఊడ్పులు ఊడ్చావా?" అన్నారు.

పదకొండు పోయాయి. ఈసారి గట్టు పోసి, దాని మీద మళ్లీ పదకొండు నాటాను. పైపుని మా ఆవిడ ఎక్కడ దాచిందో ఇప్పటికీ చెప్పలేదు.

మూడో ఏడు ఉగాదికి మామిడాకులు తేవడం మర్చిపోయాను. ఏం చేస్తాం, లేత కొనలు ఓ పన్నెండు తుంచి గుమ్మానికి తోరణం కట్టాను. పెద్దాయన చూసి, ఎర్రటి పండు మీది గుజ్జు తప్ప ఆ చెట్టులో అంతా విషమేననీ, ఆకు మేస్తే గుర్రాలే చచ్చిపోతాయనీ ఎంతో మర్యాదగా చెప్పి వెళ్లాడు. మా ఆవిడ నా చేతుల వంక చూసింది, ఆ చేతులతోనే నేను కలిపిన పచ్చడి వంక చూసింది. "ఏవండీ, ఇందులో రుచులు ఆరేనా?" అంది. పచ్చడి చెత్తబుట్టలోకి పోయింది.

ఇక ఆగస్టు కత్తిరింపు. తాడు కట్టే కత్తిరించాను, కాకపోతే తాడే వంకరగా కట్టాను. కుడివైపు ఎత్తుందని కుడివైపు కోశాను, అప్పుడు ఎడమవైపు ఎత్తయింది. ఇక్కడ కంచెలకి వేసే లేలాండీ అనే ఇంకో చెట్టుని ముదురు కొమ్మ దాకా నరికితే మళ్లీ చిగురించదు. యూ చిగురిస్తుంది. నాలాంటివాళ్లు తగులుతారని దానికి ముందే తెలుసులాగుంది. దీని ఆకులో దొరికే పదార్థంతోనే డోసెటాక్సెల్ అనే క్యాన్సర్ మందు చేస్తారని చదివి, కోసిన రెమ్మలు పారేయకుండా దాచాను, లోకోపకారానికి. సోనా మసూరి సంచిలో సగం కూడా నిండలేదు.

ఏడాదికి మహా అయితే అడుగు పెరిగే మొక్క. అందులో నా కత్తెర వాటా పోగా మిగిలేది బెత్తెడు. మొన్న ఆగస్టులో పక్కన నిలబడి కొలుచుకున్నాను. లుంగీ ముడి దాకా వచ్చింది. బనియన్ ఇంకా బయటే ఉంది.