ట్యూబులైటు పాడిన పాట

నన్ను కలెక్టర్‌గా చూడాలని మా నాన్న చాలా ఆశపడ్డాడు. ఆయన పోయిన పదేళ్ళకి ఆ ఆశ తీరింది. విదేశీ వేలం సంస్థ ఒకటి వారానికి నాలుగుసార్లు "డియర్ కలెక్టర్" అంటూ నాకు మెయిల్ పెడుతోంది. ఏదో బొమ్మని పెద్దది చేసి చూద్దామని ఒకసారి పేరూ ఊరూ ఇచ్చిన పాపానికి, ఇప్పుడు ఏ దొరగారి పుస్తకాల గది అమ్మకానికొచ్చినా ముందు నాకే కబురు. అరుదైన పుస్తకాలు, పాత పటాలు, తైలవర్ణ చిత్రాలు, ఒక్కోదాని కింద ఒక్కో అంచనా ధర. ఆ పౌన్లని రూపాయల్లోకి మార్చుకుని, ఒకసారి నిట్టూర్చి, చల్లారిన కాఫీ తాగడం నా దినచర్య.

మా ఆవిడకి ఈ సంబరం గిట్టదు. "ఎవరింట్లోనో పెళ్ళయితే మీరు తలంటు పోసుకోవడం ఏమిటండీ?" అంటుంది. ఆవిడకి తెలిసిన పుస్తకాల మార్కెట్టు ఒక్కటే, మా వీధికి ఆదివారం వచ్చే పాత పేపర్ల అతను. అతని దగ్గర కవిత్వానికీ, ఎంసెట్ గైడుకీ, ఫోన్ డైరెక్టరీకీ ఒకటే రేటు, కిలో పన్నెండు. గట్టి అట్ట ఉంటే పర్రుమని చింపి వేరే తూస్తాడు. అవతలి దేశంలో 1925 నాటి 'గ్రేట్ గాట్స్‌బీ' మొదటి ముద్రణకి, పైన తొడిగిన కాగితం జాకెట్టు చిరక్కుండా ఉంటే, అది లేని ప్రతికంటే ఎన్నో రెట్లు ధర పలుకుతుంది. లోపలి నవలకంటే పై కాగితానికే విలువన్న మాట. ఇది మా పాత పేపర్ల అతనికి చెప్పాను. "అక్కడికెళ్ళి అమ్ముకోండి సార్" అన్నాడు. తప్పేముంది?

వేలం మనకి కొత్తదేం కాదు. మిగతా ప్రపంచం వేలంలో ధర చెబుతుంది, చెయ్యెత్తుతుంది, నంబరున్న అట్ట చూపిస్తుంది. మనం పాడతాం. పాట, హెచ్చుపాట, పాటదారు, సర్కారువారి పాట. గొంతు ఎలా ఉన్నా ఫరవాలేదు, జేబు శ్రుతిలో ఉంటే చాలు. పాట మరీ పైస్థాయికి వెళితే దానికీ మన దగ్గర పేరుంది, వేలంవెర్రి. బాలాపూర్ గణేశుడి లడ్డూ 1994లో 450 రూపాయలకి పోయింది. 2025లో 35 లక్షలు పలికింది. లడ్డూ మాత్రం అదే 21 కిలోలు. కాబట్టి తెల్లవాళ్ళ వేలాలు చూసి నవ్వే హక్కు మనకి పూర్తిగా ఉందని నేననుకోను.

వాళ్ళ వేలం సంస్థల్లో ఒకటి పుస్తకాలతోనే మొదలైంది. 1744 మార్చి 11న లండన్‌లో శామ్యూల్ బేకర్ అనే పుస్తకాల వర్తకుడు సర్ జాన్ స్టాన్లీ అనే ఆయన గ్రంథాలని వేలం వేశాడు. కొన్ని వందల పుస్తకాలకి 826 పౌన్లు వచ్చాయి. ఆ దుకాణమే తర్వాత సోథబీస్ అయింది. బేకర్ పేరు ఏమైందంటారా? ఆయన పోయాక ఆస్తిలో వాటా మేనల్లుడు జాన్ సోథబీకి దక్కింది, పేరు కూడా మేనల్లుడిదే నిలబడింది. నేనూ ఒకావిడకి మేనల్లుణ్ణే. ఆ సంగతి తర్వాత చెబుతాను.

2024 నవంబరు 21 తెల్లవారుజామున పాలప్యాకెట్ల కోసం లేచి, వరండాలో నిలబడి ఫోన్ తెరిచాను. న్యూయార్క్‌లో అప్పటికి ఇంకా ముందురోజు సాయంత్రమే. సోథబీస్‌లో మౌరిజియో కాటెలాన్ అనే ఇటలీ కళాకారుడి 'కమెడియన్' పాట నడుస్తోంది. కళాఖండం ఏమిటంటే, గోడకి వెండిరంగు టేపుతో అంటించిన అరటిపండు. అంతే. ఆ పండుని అదే రోజు ఒక వీధి బండి మీద 35 సెంట్లకి కొన్నారని తర్వాత పత్రికలు రాశాయి. సుత్తి పడేసరికి, సంస్థవారి రుసుముతో కలిపి, 62 లక్షల డాలర్లు తేలింది. మన లెక్కలో సుమారు 52 కోట్లు. నా నోట్లోంచి వచ్చిన చప్పుడికి మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది.

"ఎవరండీ పోయింది?"

"అరటిపండు. యాభైరెండు కోట్లకి."

ఆవిడది రావులపాలెం దగ్గర పల్లె. పుట్టిందీ పెరిగిందీ అరటితోటల్లో. కాసేపు ఆలోచించి, "ఏ రకం?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఇన్ని వేల మైళ్ళ అవతల అంత పెద్ద మనుషులు అంతసేపు పాడుకున్నారు, చక్కెరకేళా, కర్పూరమా, అమృతపాణా అని ఒక్కడూ అడగలేదు. "తొక్క మీద మచ్చలున్నాయా? మచ్చ రాకపోతే లోపల వగరుంటుంది" అని కూడా అంది. కళా విమర్శ అంటే అదీ.

కొన్నది పండుని కాదట, దాని ధ్రువపత్రాన్నట. పండు కుళ్ళితే ఇంకోటి తెచ్చి అంటించుకోవచ్చు. ఎలా అంటించాలో సూచనలు కూడా ఇస్తారు, టేపు చుట్టతో సహా. కొన్నాయన జస్టిన్ సన్, క్రిప్టో వ్యాపారి. కొద్దిరోజులకే హాంకాంగ్‌లో విలేకరులని పిలిచి వాళ్ళెదుట ఆ పండు ఒలుచుకు తినేశాడు. అయినా కళాఖండం చెక్కుచెదరలేదట. ఇది మా ఆవిడకి చప్పున అర్థమైంది. "వ్రతంలో పళ్ళు మనం తినేసినా పుణ్యం మిగల్లేదూ, అలాగన్న మాట" అంది. నాకు అర్థం కావడానికి మాత్రం రెండు రోజులు పట్టింది.

ఇలాంటి వార్తలు చదివితే వచ్చే జబ్బు ఏమిటంటే, చుట్టూ ఉన్న ప్రతి వస్తువు మీదా అనుమానం పుడుతుంది. మన హైదరాబాదులో సినిమా ఘర్ కట్టుకున్న చిత్రకారుడు హుస్సేన్ 1954లో 'గ్రామ్ యాత్ర' అని ఒక పొడుగాటి చిత్రం వేశాడు. దాదాపు పద్నాలుగు అడుగులు. ఢిల్లీకి పనిమీద వచ్చిన ఒక డాక్టరుగారు దాన్ని కొనుక్కుని నార్వే పట్టుకుపోయాడు. అది ఓస్లో ఆస్పత్రిలో దశాబ్దాలపాటు గోడకి వేలాడింది. 2025 మార్చిలో న్యూయార్క్ క్రిస్టీస్‌లో 118 కోట్ల రూపాయల చిల్లరకి పోయింది. ఇది చదివాక నేను షుగర్ పరీక్షకి వెళ్ళినా రక్తం ఇచ్చేలోపు గోడలన్నీ చూస్తున్నాను. ఇప్పటిదాకా దొరికింది నోటి మీద వేలు పెట్టుకున్న పాపాయి ఫొటో ఒక్కటే. కాంపౌండరు నాకు కళ్ళ విభాగం ఎక్కడుందో చెప్పాడు.

నన్ను పూర్తిగా చెడగొట్టింది మాత్రం గాంధీగారి కళ్ళజోడు. 2020లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ఒక చిన్న వేలం సంస్థ తలుపుకున్న ఉత్తరాల పెట్టెలో ఎవరో ఒక కవరు పడేసి వెళ్ళారు. అది శుక్రవారం రాత్రి నుంచి సోమవారం పొద్దుటిదాకా సగం లోపల, సగం బయట వేలాడుతూనే ఉంది. లోపల కళ్ళజోడు, అది గాంధీగారిదని ఒక చీటీ. పనికిరానిదైతే పారేయండి అన్నాడట సొంతదారు. 15 వేల పౌన్లు రావచ్చని చెబితే ఆయన గుండె ఆగినంత పనయింది. చివరికి 2,60,000 పౌన్లు వచ్చాయి, అంటే రెండున్నర కోట్లు.

ఈ కథ చదివిన రాత్రే నేను మా బీరువా తెరిచాను.

ఫ్రిజ్ వారంటీ కాగితాల కిందా, పాత పంచాంగాల కిందా కలరా ఉండల వాసనతో తాతయ్య పెద్దబాలశిక్ష దొరికింది. అట్ట లేదు. ముఖపత్రం లేదు కనక ఏ సంవత్సరం అచ్చయిందో తెలీదు. దీన్ని మీరు లోపం అనుకుంటారు. తారీఖు లేని పుస్తకం ఎంత పాతదైనా కావచ్చన్నది నా వాదన. అయితే మన 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం చారిత్రక విలువున్న వస్తువు నూరేళ్ళు దాటితే దేశం దాటించకూడదు. కాబట్టి పుస్తకం బాగా పాతదై ఉండాలి, మరీ పాతది కాకూడదు. తొంభైతొమ్మిదేళ్ళు శ్రేష్ఠం.

వేలం సంస్థకి పంపడానికి దాని ఆరోగ్య పరిస్థితి రాయాలి. కూర్చుని ఒక్కో పేజీ తిప్పాను. గుణింతాల దగ్గర మొదలవుతుంది. 43వ పేజీలో పసుపు మరక, బొటనవేలి ముద్రతో సహా. చెదపురుగు ఒకటి 61వ పేజీలో ప్రవేశించి, ఒకే దారిన తిన్నగా నడిచి, ఎక్కాలు పూర్తి చేసుకుని 88లో బయటికొచ్చింది. మా ఇంట్లో ఎక్కాలు మొత్తం పూర్తి చేసింది అదొక్కటే. ఆఖరి ఖాళీ పేజీలో నాయనమ్మ చేతిరాతతో చాకలిపద్దు. పంచెలు 4. ఉత్తరీయాలు 2. నేతచీరలు 3. దుప్పటి 1, రాలేదు. ఆ 'రాలేదు' కింద రెండు గీతలు, కాగితం చిరిగేంత గట్టిగా.

ఈ విద్యలో ఇన్నాళ్ళు మునిగినందుకు భాష పట్టుబడింది. పసుపు మరకని 'పఠన చిహ్నం' అన్నాను. చెద దారిని 'స్వల్ప కీటక రంధ్రం' అన్నాను. చాకలిపద్దుని 'పూర్వ యజమానురాలి స్వహస్త వ్యాఖ్యలు' అన్నాను. సొంతదారుల చరిత్ర అన్నచోట 'వంశపారంపర్యం' అని రాశాను. ఫొటోలు జతచేసి పంపించాను. ఆ ఉత్సాహంలోనే ఒక పొరపాటు చేశాను. అవే ఫొటోలు మా ఫ్యామిలీ గ్రూపులో కూడా పెట్టి, "లండన్ వాళ్ళు చూస్తున్నారు" అని రాశాను.

నాయనమ్మ పోయినప్పుడు సామాన్ల పంపకంలో ఇత్తడి గుండిగ కోసం ఈ కుటుంబం మూడేళ్ళు మాట్లాడుకోవడం మానేసింది. ఈ పుస్తకాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. దాని మీద మజ్జిగ చెంబు పెట్టుకుని మరీ గుండిగ గురించి దెబ్బలాడారు. ఇప్పుడు పది నిమిషాల్లో కాకినాడ నుంచి మేనత్త ఫోన్. "ఒరేయ్, అది మా అమ్మ రాతరా. ఎవరికో ఇస్తే ఊరుకోను. వెయ్యి పంపుతున్నా." విశాఖపట్నం నుంచి బాబాయి, "నేను ఎక్కాలు నేర్చుకున్న పుస్తకం. రెండువేలు." న్యూజెర్సీలో ఉన్న పెద్దనాన్న కొడుకు, మా అన్నయ్య, అక్కడి అర్ధరాత్రి లేచి, "యాభై డాలర్లు, నా వాటా మినహాయించి" అన్నాడు.

ఇక్కడ వాళ్ళ వేలాల్లో ఉన్న ఒక మర్యాద చెప్పాలి. అమ్మేవాడు ఇంతకి తగ్గితే ఇవ్వనని ముందే చెప్పుకునే ధర ఒకటుంటుంది. అది రహస్యం. మన దగ్గర సర్కారువారి పాటని అందరి ముందూ పైకి చదువుతారు. వాళ్ళు చదవరు. ఆ ధర దాకా పాటని తోలుకురావడానికి, వేలం వేసే పెద్దమనిషి ఎవరూ పాడని పాటలు కూడా విన్నట్టు నటించి, పైకప్పు వైపు చూస్తూ అంకె పెంచుతాడు. దీన్ని షాండిలియర్ పాట అంటారు. దీపాల గుత్తి పాడిందని లెక్క.

మా గ్రూపులో పాట నాలుగువేల దగ్గర ఆగిపోయింది. ఒక పూట ఎవరూ మాట్లాడలేదు. మా ఇంట్లో షాండిలియర్ లేదు, ట్యూబులైటుంది. అది ఐదువేలకి పాడింది. "బయటివాళ్ళొకరు అడుగుతున్నారు, మనిషి మంచివాడే" అని నేను గ్రూపులో తెలియజేశాను.

అప్పుడు మేనత్త చాకలిపద్దుని పెద్దది చేసి చూసింది. "దుప్పటి రాలేదంటే ఎందుకొస్తుందిరా? ఆ వారమే కదూ మీ బాబాయి వాల్తేరు హాస్టలుకెళ్ళింది. పాపం, ఆ చాకలతను ఎన్ని మాటలు పడ్డాడో!" అని గొంతు సందేశం పెట్టింది. బాబాయి ఒక్క మాట కూడా అనకుండా ఏడువేలన్నాడు.

మా ఆవిడ వంటింట్లోంచి అంతా వింటోంది. 2017లో లియొనార్డో 'సాల్వటోర్ ముండి' సుత్తి ధర 40 కోట్ల డాలర్లయితే, పైన సంస్థ రుసుము 5 కోట్ల చిల్లర అని నేనే ఒకప్పుడు గొప్పగా చెప్పాను. 1958లో లండన్‌లో అదే బొమ్మ 45 పౌన్లకి పోయిందని కూడా చెప్పాను. ఆ రెండో సంగతి ఆవిడ మర్చిపోయింది. మొదటిది మర్చిపోలేదు. "ఏటా కలరా ఉండలు వేసింది ఎవరు? నాకూ అంతే శాతం" అంది.

గురువారం లండన్ నుంచి జవాబొచ్చింది. అంత మర్యాదగా నన్ను ఎవరూ ఇంతవరకు గెంటలేదు. పంపినందుకు ఎంతో కృతజ్ఞతలట, మా నిపుణులు శ్రద్ధగా పరిశీలించారట, రాబోయే అమ్మకాలకి ఇది తగినది కాదని భావిస్తున్నారట. కింద, "డియర్ కలెక్టర్, మీకు నచ్చగల మరికొన్ని వస్తువులు" అంటూ ఆరు బొమ్మలు.

ఈ సంగతి గ్రూపులో ఇంకా పెట్టలేదు. రాత్రి పదకొండింటికి బాబాయి తొమ్మిదివేల ఐదువందలన్నాడు. హాల్లో కూర్చుని పైకి చూశాను. ట్యూబులైటు రెండుసార్లు మిణుకుమంది.