పక్క తిప్పేవాళ్ళేరీ?

మా రోజుల్లో బెడ్ సోర్లకి మిషన్లు లేవురా అబ్బాయిలూ. స్టీలు ట్రే, ఫోర్సెప్స్, డ్రమ్ములోంచి తీసిన గాజుగుడ్డ, యూసాల్ అనే బ్లీచింగ్ మందు సీసా, అంతే. పొద్దున్నే సర్జికల్ వార్డులో కాలుపెడితే ఆ బ్లీచింగ్ వాసన గుప్పుమనేది. పుండు కడగడం, తడిగుడ్డ కూరడం, కట్టు కట్టడం, సాయంత్రం మళ్ళీ అదే పని. మానడానికి నెలలు పట్టేది. పట్టనీ, కట్టు విప్పినప్పుడల్లా రోగి ముఖం చూసి నాలుగు మాటలు మాట్లాడేవాళ్ళం. యూసాల్ కొత్త మాంసాన్ని కూడా మాడ్చేస్తుందని ఇప్పుడు మానేశారట. మానెయ్యండి, దానికి నేనేం ఏడవను.

ఇప్పుడంతా వ్యాక్ అనే మిషనే. నల్ల స్పాంజిని పుండు కొలతకి కత్తిరించి లోపల పెట్టి, పైన పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి, దానికి చిల్లు చేసి గొట్టం తగిలిస్తారు. మిషను మామూలుగా 125 మిల్లీమీటర్ల నెగెటివ్ ప్రెషర్ మీద పీలుస్తుంది. స్విచ్ వేయగానే స్పాంజి ఎండు ఉసిరికాయలా ముడుచుకుపోతుంది. రసి డబ్బాలోకి పోతుంది, అంచులు దగ్గరికొస్తాయి, అడుగున ఎర్రమాంసం పుడుతుంది. రెండు మూడు రోజులకోసారి మారిస్తే చాలు. 1997లో అమెరికాలో ఆర్జెంటా, మోరిక్వాస్ అనే ఇద్దరు దీని గురించి రాశాకే ఇంత ప్రచారమొచ్చింది. ఎన్నాళ్ళకీ మొండికేసిన నడుంకింద గుంత దీనితో పూడటం నేనూ చూశాను, కాదనను. కానీ చచ్చిన నల్లకండ కోసి తియ్యకుండా దానిమీద స్పాంజి పెట్టకూడదు, ఎముకకి చీము పట్టుంటే ముందు దాని సంగతి చూడాలి. ఆ ఓపిక మీకేదీ? డబ్బా తగిలించి ఫోన్లో పడతారు!

ఓపికంటే ఏమిటో చెబుతా వినండి. 1944లో ఇంగ్లండులో, స్టోక్ మాండవిల్ ఆస్పత్రిలో, లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టరు వెన్నుపూస దెబ్బతిన్నవాళ్ళకి వార్డు పెట్టాడు. అప్పట్లో అలాంటివాళ్ళు పుళ్ళతో, మూత్రం ఇన్‌ఫెక్షన్లతో పోయేవాళ్ళే. ఆయన రాత్రీ పగలూ రెండు గంటలకోసారి పక్క తిప్పించాడు. బతికారు, చక్రాల కుర్చీల్లో ఆటలూ ఆడారు. మా వార్డులోనూ మంచం తలాపున కాగితం ఉండేది: ఎడమ, వెల్లకిల, కుడి. అర్ధరాత్రి సిస్టరమ్మ వచ్చి లేపితే, రోగి తాలూకు అత్తయ్యో తమ్ముడో కళ్ళు నులుముకుంటూ దుప్పటి రెండు కొసలూ పట్టేవాళ్ళు.

మీ మిషను లీకైతే కూతపెడుతుంది. రెండు గంటలకు మించి ఆగితే స్పాంజి తీసెయ్యాలని రూలు కూడా ఉంది. అదే రెండు గంటలు మనిషిని తిప్పకపోతే ఏ కూతా రాదు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

ఇంట్లో తాతయ్యో నానమ్మో మంచాన పడి ఉంటే, ఇప్పుడే లేచి దుప్పటెత్తి మడమలు చూడు. ఎర్రబడ్డచోట వేలితో నొక్కితే తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. రుద్దకు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకి తగలకుండా ఎత్తు, పక్కకి తిప్పు, మళ్ళీ రెండు గంటలకి అలారం పెట్టుకో. ఆ ఫోను అందుకైనా పనికొస్తుంది.