నాలుగొచ్చినా పైకే!

ప్రాథమిక పాఠశాల లెక్కల్లో ఒక పాఠం ఉంది: సంఖ్యను దగ్గరి పదికి సవరించడం. ఒకట్ల స్థానంలో 4 గానీ, అంతకు తక్కువ గానీ ఉంటే కిందికి. 5 గానీ, అంతకు ఎక్కువ గానీ ఉంటే పైకి. 47 అయితే 50, 43 అయితే 40. బోర్డు మీద సంఖ్యారేఖ గీసి, 43 నుంచి 40కి మూడే గంతులు, 50కి ఏడు గంతులు అని చూపిస్తే ఆఖరి బెంచీవాడు కూడా పట్టేస్తాడు. అయితే అభ్యాసం కావాలి కదా! దానికోసం సంచి చేతికిచ్చి కిరాణా కొట్టుకు పంపితేనే వస్తుంది చిక్కంతా.

బిల్లు 47. కొట్టాయన 50 తీసుకుని మూడు చాక్లెట్లు పిల్లాడి అరచేతిలో పెట్టాడు. మర్నాడు బిల్లు 42. పిల్లాడు నాలుగు పదులు గల్లాపెట్టె మీద పెట్టాడు.

"మిగతా రెండేవిరా?"

"అయిదు కంటే తక్కువ కదంకుల్, కిందికి సవరించా."

"మీ నాన్నను రమ్మను."

"నిన్న మీరు పైకి సవరించినప్పుడు నాన్నను రమ్మనలేదుగా!"

పాఠంలో బాణం రెండు వైపులా పోతుంది. వీధిలో దానికి ఒకటే దిక్కు. ఆ మాటకొస్తే మొగ్గు పాఠంలోనే కాస్త ఉందండీ. 1, 2, 3, 4 కిందికి, 5, 6, 7, 8, 9 పైకి. 0 ఎలాగూ కదలదు. దిగేవి నాలుగు, ఎక్కేవి అయిదు. సరిగ్గా నడిమధ్య నిలబడ్డ 5ని పైకి పంపమన్నది లెక్కలవాళ్లు చేసుకున్న ఒప్పందం మాత్రమే. ఆ సందు చూసుకునే మన ఆటోవాళ్లూ, పార్కింగువాళ్లూ, కళ్యాణ మండపంవాళ్లూ మిగతా నాలుగింటినీ కూడా పైకి ఎక్కించేశారు.

ప్రభుత్వాన్ని తిట్టడం అలవాటైన కలానికి కష్టమే గానీ, చెప్పక తప్పదు. పాఠాన్ని బుద్ధిగా ఒప్పజెప్పేది చట్టమే. 2017 జీఎస్టీ చట్టం 170వ సెక్షన్ ప్రకారం పన్నులో 50 పైసలు, ఆపైన ఉంటే రూపాయి, తక్కువైతే వదిలెయ్యాలి. 2022లో తెలంగాణ ఆర్టీసీ చిల్లర గొడవ పడలేక పల్లెవెలుగు చార్జీలను రౌండ్ ఫిగర్ చేసినప్పుడు కూడా 13, 14 ఉన్నచోట 15 చేసింది గానీ, 12 ఉన్నచోట 10 చేసింది. దగ్గరి అయిదుకు సవరించడమంటే అదీ! ఏ మాస్టారైనా రైటు కొట్టాల్సిందే.

వీధిలోనూ కిందికి దిగిన లెక్క ఒకటుంది, తులం. అసలు తులం 11.66 గ్రాములు. ఇప్పుడు బంగారు కొట్టులో తులమంటే 10 గ్రాములే. పది తులాలు పెట్టాలని మగపెళ్లివారు పట్టుబడితే పాత లెక్కన 116 గ్రాములు దాటేది, ఇప్పుడు వందతో సరి. ఆడపిల్ల తండ్రికి కలిసొచ్చిన రౌండ్ ఫిగర్ నాకు తెలిసి ఇదొక్కటే. మగపెళ్లివారు ఇంకా గమనించినట్టు లేదు, మీరూ చెప్పకండి.

ఇక పిల్లలు పరీక్షలో తరచూ చేసే తప్పొకటి ఉంది. 446ను దగ్గరి వందకు సవరించమంటే, ముందు 450 చేసి, ఆ 450ని 500 చేస్తారు. టీచరు ఎర్ర ఇంకుతో కొట్టేసి, "అసలు సంఖ్యనే చూడాలి, 446 అంటే 400" అని రాస్తారు. పాపం, ఆ టీచరు ఎప్పుడూ ఇంజనీరింగు ఆఫీసులో ఫైలు నడవడం చూసి ఉండరు. ఊరి కాలువకు 446 వేలవుతుందని కింది బల్ల రాస్తుంది. రెండో బల్ల దాన్ని దగ్గరి పదికి సవరిస్తుంది, 450. మూడో బల్ల దగ్గరి వందకు, 500. పెద్ద బల్లకు ఇంత చిన్న అంకెలు ఆనవు, దగ్గరి వెయ్యికి సవరిస్తుంది. 500 నడిమధ్య ఉంది, నియమం ప్రకారం పైకే. వెయ్యి! ఎవరూ తప్పు చెయ్యలేదు. ప్రతి బల్లా పాఠం తు.చ. తప్పకుండా పాటించింది.

ఇంతకీ 446ను ఎర్ర ఇంకు టీచరు చెప్పినట్టు నేరుగా దగ్గరి వెయ్యికి సవరిస్తే ఎంతో తెలుసా? సున్నా. బిల్లు వెయ్యి, ఊళ్లో కాలువ సున్నా. రెండూ ఒకే సంఖ్యకు రౌండ్ ఫిగర్లే. ఆడిట్‌వాళ్లకు ఇంకేం చెప్పాలి?

అందుకే టీచర్లకు నాదొక మనవి. వర్క్‌షీట్లు చాలు. ఈ వారం ఇంటిపనిగా, ఇంట్లో దొరికిన కొట్టు బిల్లులు, ఆటో చార్జీలు ఒక కాగితం మీద రాయించండి. పాఠం ప్రకారం ఎంతకు సవరించాలి, నిజంగా ఎంత ఇచ్చారు అని పక్కనే రెండు గడులు గీయించండి. ఆ కాగితం మీద సంతకం మాత్రం తల్లిదండ్రులతో కాదు, కొట్టాయనతో పెట్టించండి.