తొట్టిసూత్రము: టీకాతాత్పర్యసహితము

అవతారిక

కోలాచల మల్లినాథసూరి కాళిదాసునకు వ్యాఖ్య వ్రాసెను. నేను కాకినాడలోని ఒకానొక చేపల దుకాణదారునకు వ్రాయుచున్నాను. మూలకర్తల నడుమ గల తారతమ్యము నాకు తెలియనిది కాదు. కాని కాళిదాసు శ్లోకములవలన కోలాచలమువారి ఇంటి గోడలు చెమ్మగిల్లినట్లు గాని, స్విచ్చిబోర్డు తుప్పుపట్టినట్లు గాని నేనెచ్చటను వినియుండలేదు. ఆ దుకాణదారుని వాక్యమన్ననో, తొమ్మిది మాసములపాటు మా ముందరిగదిని, నా పింఛనును, మా ఇల్లాలి సహనమును ఏకచ్ఛత్రముగా ఏలినది. ఇంతటి ప్రభావము గలదానికి ఒక టీకయైనను లేకుండుట లోపము. అందులోను ఊరు పిఠాపురము. సూర్యరాయాంధ్ర నిఘంటువును చేయించిన మహారాజు ఏలిన ఊరిలో కాపురముండి, ముప్పదియేండ్లు తెలుగు పండితుడనై జీతము పుచ్చుకొని, ఒక మాటను విని దాని అర్థమును విచారింపకయే డబ్బు చెల్లించి వచ్చితినన్న అపవాదును తుడిచికొనుటకైనను ఈ శ్రమ తప్పదు.

సందర్భము

గత మార్గశిరమున, ఇంట ఉప్పునీటి చేపలు పెంపవలెనని తొమ్మిదేండ్ల మా మనుమడు రెండు పూటలు అన్నము ముట్టకుండుటచేత, వానిని వెంటబెట్టుకొని కాకినాడ పోయి, మూడడుగుల పొడవును, అడుగున్నర వెడల్పును, అడుగున్నర యెత్తును గల గాజుతొట్టి నొకదానిని బేరమాడితిని. దుకాణపు మూలనున్న బకెట్టులో, చిటికెనవ్రేలి పొడవున, గోధుమవన్నె మేనిపై నల్లనల్లని మరకలతో, ముక్కుకొననుండి వీపుదాక తెల్లని నామముతో ఒక చేపపిల్ల కదలక నిలిచియుండెను. ఆ నామమును చూచి మనుమడు మురిసెను; నేనును మురిసితిననుట సత్యము. పేరేమని యడుగగా ‘సముద్రపు చేపండి’ అని సమాధానము వచ్చినది. ఎంత పెరుగునని యడుగగా అతడు చేపవంక చూడలేదు, నావంకయు చూడలేదు; నేను కొన్న తొట్టివంక చూచెను. చూచి ఇట్లనెను:

మూలము

తొట్టిని బట్టే పెరుగుద్దండి, ఆయ్!

టీక

తొట్టిని: పశువులకు కుడితి పోయునది తొట్టి, నూతిగట్టున నీరు నిలుపునది తొట్టి, గాజుతో చేసినదానిని ఆ పేర పిలుచుట లక్షణ. ‘తొట్టె యనగా ఉయ్యాల గదా!’ అని మా ఇల్లాలు వంటింటినుండి ఆక్షేపించినది. పసిబిడ్డ తొట్టెను బట్టి పెరుగడు. కాళ్లు అంచునకు తగులగనే తొట్టెను అటకకెక్కింతురు. ఆ అర్థమును నేను స్త్రీవాక్యమని అప్పుడు తోసివేసితిని.

తొట్టి యనినంతనే అందలి నీరును గ్రాహ్యము. లెక్కకు ఆరుముప్పావు ఘనపుటడుగులు. ఘనపుటడుగునకు ఇరువదియెనిమిది లీటర్ల చొప్పున నూటతొంబది లీటర్లు. సముద్రజలమున లీటరునకు సుమారు ముప్పదియైదు గ్రాముల ఉప్పు ఉండును గనుక, మా ముందరిగదిలో ఆరున్నర కిలోలకు పైబడిన ఉప్పు కరగియున్నదన్నమాట. వంటింటి ఉప్పు దీనికి పనికిరాదు. సముద్రపుటుప్పులో నూటికి ఎనుబదియారు పాళ్లు మాత్రమే సోడియము, క్లోరైడులు. తక్కిన పదునాలుగు పాళ్లలో మెగ్నీషియము, కాల్షియము మొదలగునవి చేరి చేపకు బ్రతుకునిచ్చును. కావున ఇరువదిలీటర్ల డబ్బాలు పదింటిని ఆటోలో వేసికొని ఉప్పాడకు పోయితిని. అక్కడ కడలి ఏటేట గట్టును కోసి, ఇండ్లను, దారిని, కొబ్బరిచెట్లను మ్రింగుచున్న సంగతి లోకవిదితము. నేను మోకాలిలోతున నిలిచి డబ్బాలు ముంచుచుండగా, వలలు బాగుచేసికొనుచున్న ఒక పెద్దాయన తలయెత్తి, ‘ఎంత కావాలంటే అంత పట్టుకెళ్లిపోండి మాస్టారూ, మాకు ఎక్కువైపోయింది’ అనెను. ఆ వాక్యమునకు నేను వ్యాఖ్య వ్రాయజాలను.

ఈ నీటి విషయమున మరియొక రహస్యము కలదు. తొట్టిలోని నీరు ఆవిరియై తగ్గినప్పుడు దానిని ఉప్పునీటితో పూరింపరాదు. పోవునది నీరే గాని ఉప్పు కాదు. ఇది తెలియక రెండు వారములు ఉప్పాడనీరే పోసితిని. తొట్టి మూతపై, ఇనుపబల్లపై, గోడనున్న స్విచ్చిబోర్డుపై తెల్లని పొట్టు లేచి, వ్రేలితో గీకిన మంచు రాలినట్లు రాలుచుండెను. మంచినీటితో పూరింపవలెనని మాకు చెప్పినవాడు మోటారు బాగుచేయ వచ్చిన కుర్రవాడు.

బట్టే: ఇది సూత్రమునకు జీవస్థానము. ‘తొట్టిని’ యనునది ద్రుతప్రకృతికము. దానిమీది పరుషము సరళమగుటచేత ‘పట్టి’ అనునది ‘బట్టి’ ఆయెను. 1858లో బాలవ్యాకరణమును వెలువరించిన చిన్నయసూరి ఈ మాత్రమునకు అడ్డుచెప్పడు. అడ్డెల్లను అర్థమునందే కలదు. ‘పట్టి’ యనగా ‘అనుసరించి’ యని దుకాణదారుని భావము. తొట్టి ఎంతయో చేప అంత. కాని పట్టుధాతువునకు ఆక్రమించుట, గ్రహించుట అను అర్థములు మొదటినుండియు కలవు. దయ్యము పట్టినదనుటలోను, పీడ పట్టినదనుటలోను ఉన్నది ఆ ధాతువే. అప్పుడు సూత్రార్థము: ఈ చేప తొట్టిని పట్టి, విడువక, పెరుగును. దుకాణదారుడు ఈ రెండవ యర్థమున పలికియుండినచో అతనిని ఋషియనవలెను. చివరి ఏకారము అవధారణార్థకము. తొట్టిని తప్ప వేరొకదానిని బట్టి పెరుగదని నొక్కి చెప్పుచున్నది. అసత్యమంతయు ఆ ఒక్క యచ్చులో దాగియున్నది.

పెరుగుద్ది: పెరుగుతుంది యనుటకు గోదావరీతీరపు రూపము. వ్యాకరణము దీని నంగీకరింపకున్నను చేప అంగీకరించినది. మార్గశిరమున చిటికెనవ్రేలు, ఉగాదికి జానెడు, వినాయకచవితికి జానన్నర. జానన్నర యనగా చిన్నమాటగా వినబడును. కాని పొడవు ఏడింతలైనప్పుడు వెడల్పును, మందమును ఏడేసి యింతలగుటచేత, బరువు ఏడును ముమ్మారు గుణించినంత, అనగా మున్నూటనలుబదిమూడింతలగును. మనుమడు గోడమీద పెన్సిలుతో గీతలు గీచి పొడవును కొలిచి సంతోషించుచుండెను; బరువును కొలిచినది నీరు. చేప తిన్నదానికి తగిన అమ్మోనియాను విడుచును. దానిని కంటికి కనబడని సూక్ష్మజీవులు మొదట నైట్రైటుగను, పిదప నైట్రేటుగను మార్చును. తొలి రెండును విషములు, మూడవది నిదానించిన విషము. చిటికెనవ్రేలికి చాలిన సూక్ష్మజీవుల సంసారము, మున్నూరింతలైన అతిథికి ఎట్లు వండి వార్చగలదు? అందులకై నురుగు తీయు యంత్రమొకటి తెచ్చితిమి. అది ఉప్పునీటిలో సన్నని బుడగలను రేపగా, చేపవిడిచిన జిగురంతయు ఆ బుడగలకంటుకొని పైకెక్కి గిన్నెలో పడును. సముద్రమథనమని మనుమనికి కథ చెప్పితిని. వాడు ఉదయమున గిన్నె విప్పి, పాచిపోయిన తేనీటివంటి ఆ ద్రవమును వాసనచూచి, ‘తాతయ్యా, అమృతం ఎప్పుడొస్తుంది?’ అని యడిగెను. తొమ్మిదినెలలును హాలాహలమే వచ్చినది.

అండి: గౌరవార్థకము. కొన్నవానికి మాత్రమే చెల్లును.

ఆయ్: అవ్యయము. మా సీమలో ఇది అవుననుటకు, విన్నాననుటకు, ఇక వాదము చాలుననుటకును చెల్లును. ఇచ్చట మూడవ యర్థము.

పాఠాంతరము

సంక్రాంతికి వచ్చిన మా బావమరిది మూలమును మరియొక విధముగా చదివెను. అతనికి యు. కొత్తపల్లి దాపున రెండు చేపల చెరువులు కలవు. గుమ్మములో చెప్పులు విడుచుచునే తొట్టిని చూచి, దగ్గరకు వచ్చి వంగి, సెల్లుఫోను దీపమును గాజునకానించి చూపగా చేపకన్ను నిప్పుకణికవలె ఎర్రగా మెరసినది. ‘ఓరి బావా! సముద్రపు చేపేంటి, ఇది పండుగప్ప! ఓ ఎనిమిది నెలలాగితే అరకిలో పైనే తూగుద్ది’ అనెను. పెరుగుద్దికి తూగుద్దియని అతని పాఠము.

పండుగప్ప! ఉప్పునీట, చప్పనీట, రెంటికిని నడుమనున్న ఏటిమొగలోను సమానముగ బ్రతుకునది; రొయ్యలను, చేపపిల్లలను, తనకన్న కొంచెమే చిన్నవైన తోబుట్టువులను సైతము గుటుక్కున మ్రింగునది; పెంపకపువారు వారము వారము పెద్దవానిని చిన్నవానిని ఏరి వేరుచేయకున్నచో చెరువున నూరు వేసి పది పట్టవలసివచ్చునట్టిది; యథేష్టముగ పెరిగినచో ఒకటిన్నర మీటర్లు దాటి, అరువది కిలోలదాక తూగునది. పూర్వము దీని పిల్లలకు ఏటిమొగలలో వలలు వేసి వెదకవలసియుండెను. 1997లో చెన్నైలోని కేంద్రీయ ఉప్పునీటి ఆక్వాకల్చరు సంస్థవారు దీనికి హేచరీలో సంతానము కలుగజేసినపిమ్మట పిల్లలు దొరకుట సుకరమైనది. అట్టి పిల్లయొకటి త్రోవదప్పి బకెట్టులోనికి వచ్చి నామము చూపి నన్ను మోసగించినది. ఆ నామము పసితనముననే. పెరిగినకొలది మాసి, వెండివన్నె మిగులును.

నామవ్యుత్పత్తి విషయమున నాకొక ఊహ కలదు, పండితులు క్షమింతురుగాక. పండుగ, అప్ప అను రెండు పదములకు సంధి. అప్పయనగా ఒక సీమలో తండ్రి, ఇంకొక సీమలో అక్క. ఈ చేప మూడునాలుగేండ్లకు మగదిగా ఎదిగి, ఆరేడేండ్లు దాటినపిమ్మట ఆడుదిగా మారును. రాయలసీమ అప్పయై పుట్టి కళింగసీమ అప్పయై ముగియు జంతువునకు ఇంతకన్న సార్థకమైన పేరు కలదా? వ్యుత్పత్తి తప్పైనను జంతుశాస్త్రము ఒప్పే.

పూర్వపక్షము

‘చిన్నతొట్లలో చేపలు చిన్నవిగనే యుండుట చూచుచున్నాము గదా, సూత్రమెట్లు అసత్యము?’ అని శంక. చెప్పుచున్నాను. మురికినీట చేప నీరసించి ఎదుగుదల మందగించుట కలదు. వెన్ను వంకరపోవుట కలదు. రోగియైనవాడు సన్నగా నుండుట మంచముయొక్క ప్రభావమందుమా? అధికసంఖ్యాకములైన చేపలు తొట్టికి మించి పెరుగక పూర్వమే చచ్చుచున్నవి. చచ్చినది పెరుగదు, పెరుగనిదానిని చూచి కొనువాడు సూత్రము నిజమని నమ్మి ఇంకొకదానిని కొనును. ప్రతి శవమును ఒక సాక్షియై సూత్రమును నిలుపుచున్నది. ఇట్టి తర్కము అబద్ధమునకు గాక వేరొకదానికి అమరదు.

ఆకరగ్రంథము కావలెనన్నచో భాగవతాష్టమస్కంధము. సత్యవ్రతుడు కృతమాలానదిలో తర్పణము విడుచుచుండగా దోసిట పడిన చేపపిల్ల కమండలువున ఒక్క రేయికే ఇమడక, కాగులో ముహూర్తమునకే మూడుమూరలై, సరస్సును నిండి, తుదకు సముద్రమును చేరినది. శతపథబ్రాహ్మణమున మనువును చేపను కుండనుండి గోతికి, గోతినుండి సముద్రమునకు మార్చెను. ఆ చేపలు నోరు తెరచి ‘ఇది నాకు చాలదు’ అని చెప్పుకొన్నవి. మా చేపకు నోరున్నది గాని అది చెప్పుటకు కాదు. ఆ రాజులలో ఎవడును ‘పాత్రను బట్టి పెరుగుము’ అని చేపను శాసింపలేదు. పెరుగుట చేపపని, పాత్ర మార్చుట పెంచువాని పని. ఆ పాటివాడను కాననియే నేను భాద్రపదమువరకును తెలిసికొనలేదు.

భాద్రపదమున తెలిసినవిధము: జానన్నర చేపకు అడుగున్నర వెడల్పున తిరుగవలెనన్నచో మేను విల్లువలె వంపవలెను. పగలు ఏమో గాని, రాత్రి ఇల్లు సద్దుమణిగినపిమ్మట, తిరిగినప్పుడెల్ల తోక గాజునకు తగిలి టప్పుమని శబ్దము వచ్చుచుండెను. నేను మంచముమీద లెక్కపెట్టుచుంటిని. ఒక రాత్రి రెండువందలు దాటినపిమ్మట లేచి దీపము వేసి చూడగా, దాని ముక్కుకొన గాజునకు ఒరసికొని పొలుసు లేచి గులాబివన్నెకు తిరిగియుండెను. తెల్లవారగనే బావమరిదికి కబురంపితిని.

తాత్పర్యము

ఈ చేప పెద్దదగును. అని చెప్పినచో మీరు కొనరు.

శేషము

బావమరిది మోటారుసైకిలుమీద ప్లాస్టికుడ్రమ్ము కట్టుకొని వచ్చి, తడిగోనెలో చేపను చుట్టి డ్రమ్ములో వేసెను. కొత్తపల్లి చెరువుగట్టున మనుమడును నేనును నిలిచి చూచుచుండగా అది నీట పడి, గడియసేపు పడినచోటనే నిలిచినది. పిదప కొంచెము ముందునకు పోయి, గాజున్నదనుకొన్నట్లు, అలవాటుకొద్ది వెనుకకు తిరిగినది. మూడుమార్లు అట్లు తిరిగి, నాలుగవమారు తిరుగక పోయినది. అటుపిమ్మట దాని సంగతి నేను బావమరిది నడుగలేదు. దీపావళికి అతడు మా ఇంటికి పంపిన గిన్నెను మా ఇల్లాలు మూత తీయకుండ పొరుగింటి కిచ్చినది.

తొట్టిని దించునప్పుడు అడుగుగాజు బీటవారినది. దానిని ఏడుమార్లు కడిగి, మట్టి నింపి, పెరటిగోడప్రక్కన నుంచి, మా ఇల్లాలు కరివేపమొక్క నాటినది. అది తొట్టిని బట్టియే పెరుగుచున్నది.

ఇది శ్రీకుక్కుటేశ్వరసన్నిధివాస్తవ్య, పాదగయాతటప్రాతస్సంచారశీల, విశ్రాంతాంధ్రోపాధ్యాయవిరచితంబైన తొట్టిసూత్రవ్యాఖ్యయందు సర్వంబును నేకాశ్వాసము.